ముక్కల బొమ్మయు, మన కలివికోడియు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు బాలల విభాగము పక్షమున చేసిన ప్రసంగము)

  

ఇరువదియైదేండ్ల క్రిందట చావడి అరుగుమీద ఒక్క కొయ్య బీరువాతో ఆరంభమైన మన గ్రంథాలయము నేడు రజతోత్సవము జరుపుకొనుచున్నది. ఈ శుభసమయమున నాకు ముందు మాటలాడిన పెద్దలు గ్రంథములనుగూర్చియు, విద్యనుగూర్చియు చక్కగా ప్రసంగించిరి. బాలల విభాగమునుగూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను ఆజ్ఞాపించిరి. ముప్పదియేండ్లు బడిలో పలకల నడుమ కాలము గడపినవాడను గనుక, ఒక ఆటవస్తువును చేతబట్టుకొని మీ యెదుట నిలుచుటకు నేను సిగ్గుపడుట లేదు. ఈ పెట్టెలో నున్నది పుస్తకము కాదు. ముక్కలుగా కోసిన ఒక బొమ్మ. దీనిని ఇంగ్లీషువారు జిగ్సా పజిలు అందురు. మన పిల్లలు ముక్కల బొమ్మ అని పేరు పెట్టుకొనిరి. నేనును ఆ పేరే వాడెదను.

మొదట, ఈ ఆట నా బుద్ధికెక్కిన విధము మనవి చేసెదను. నా కుమార్తె కాపురము ఆస్ట్రేలియా దేశములో. వేసవి సెలవులకు వచ్చినపుడు ఎనిమిదేండ్ల మనుమరాలు తన వెంట ఒక ముక్కల బొమ్మ తెచ్చుకొన్నది. అందు ముక్కలు ఐదువందలు. ఆ దేశమున మాత్రమే పుట్టి పెరుగు జంతువులను అచ్చటి చిత్రకారులెవరో రంగులలో వేసియుండిరి. పెట్టె మూతపై, వెలలో కొంత భాగము ఆ జంతువుల సంరక్షణకు పోవునని అచ్చువేసియున్నది. వారము దినములు మా యింటి నడవలో చాపపై ఆ బొమ్మయే పరచియుండెను. ఒక్కొక్క జంతువు కుదిరినకొలదియు పిల్ల దాని పేరు, తిండి, ఉండు చోటు ఏకరువు పెట్టెడిది. బిల్బీ అనగా పొడుగు చెవుల చిన్న ప్రాణియని, కూకబురా అనగా మన లకుముకి పిట్టకు దూరపు చుట్టమని, ప్లాటిపస్ అనునది గ్రుడ్డు పెట్టి పాలిచ్చునని నేను ఆ చాపమీదనే నేర్చితిని.

బొమ్మ పూర్తియైన నాడు ఆ పిల్ల నన్ను ఒక్క ప్రశ్న వేసినది. "తాతా, ఇవన్నీ మా ఊరి జంతువులు. మరి మీ ఊరి జంతువుల బొమ్మ ఏదీ?"

మరునాడు గ్రంథాలయమునకు వచ్చి బాలల బీరువా వెదకితిని. ముక్కల బొమ్మలు మూడు దొరకినవి. ఒకదానిలో జిరాఫీ. ఒకదానిలో మంచుమీద తెల్లని ఎలుగుబంటి. మూడవదానిలో ఏదో సీమ కోట. మన కొండనీడను పెరిగిన ప్రాణి ఒక్కటియు లేదు. ఇది బీరువా తప్పు కాదు. ఆ బొమ్మలు కొని తెచ్చినవాడను నేనే.

"గ్రంథాలయములో ఆటవస్తువు లేల?" అని పెద్దలు కొందరు అడుగవచ్చును. ఈ ఆట పుట్టుకయే పాఠముకొరకని వారికి మనవి. 1760ల ప్రాంతమున లండను నగరమున జాన్ స్పిల్స్‌బరీ అను పటముల వ్యాపారి దేశపటమును మహోగనీ పలకపై అంటించి, దేశముల సరిహద్దుల వెంట సన్నని ఱంపముతో కోసి అమ్మెను. పిల్లలు ఆ ముక్కలను కూర్చుచు భూగోళము నేర్చెడివారు. ఇంగ్లండు రాజగు మూడవ జార్జి బిడ్డల పెంపకము చూచిన షార్లట్ ఫించ్ అను ఆమెయు ఇట్టి పటములతోనే వారికి పాఠములు చెప్పినది. తరువాతి కాలమున పలకకు బదులు అట్ట వచ్చినది, వెల తగ్గినది. 1932-33 సంవత్సరములలో అమెరికాలో పనులు లేక జనులు అల్లాడినపుడు, ఈ బొమ్మలు వారమునకు కోటి పెట్టెల వరకు అమ్ముడుపోయినవట. కొనలేనివారు వానిని గ్రంథాలయములనుండియు, మందుల దుకాణములనుండియు అద్దెకు తీసికొనిపోయిరి. కావున గ్రంథాలయమునకును ముక్కల బొమ్మకును బాంధవ్యము క్రొత్తది కాదు. పాతూరి నాగభూషణముగారు పుస్తకములను పడవకెక్కించి కాలువగట్టు పల్లెలకు తీసికొనిపోయిన ఆంధ్రదేశమున, పిల్లలవద్దకు ఒక బొమ్మను తీసికొనిపోవుట వింత కానేరదు.

ఇచ్చట ఒక్క విశేషము గమనింప వేడెదను. స్పిల్స్‌బరీ పటము సరిహద్దుల వెంట కోయబడినది. ఏ దేశపు ముక్క ఆ దేశమునకే. నేటి ముక్కల బొమ్మ అట్లు కాదు. దాని కోతకు సరిహద్దులు తెలియవు. ఒకే ముక్కలో పక్షి కాలు సగము, నేల సగము ఉండును. ఒకే ముక్కలో తాబేటి డిప్పయు, గడ్డిపరకయు కలిసియుండును. ఈ మాట కొంచెము సేపు మీ మనస్సులో ఉంచుకొనుడు. మరల దీని యొద్దకు వచ్చెదను.

బొమ్మ ప్రాణిని రక్షించునా? రెండు నిదర్శనములు చెప్పెదను. అమెరికాలో 1934 సంవత్సరమునుండి నీటిబాతులను వేటాడువాడు ప్రతియేడు ఒక బిళ్ల కొనవలెనని శాసనము కలదు. మొదటి బిళ్లపై బాతుల బొమ్మ వేసినవాడు "డింగ్" డార్లింగ్ అను పత్రికా వ్యంగ్యచిత్రకారుడు. నాడు దాని వెల ఒక డాలరు. బిళ్ల అమ్మగా వచ్చిన ప్రతి డాలరులో 98 సెంట్లు చిత్తడినేలల రక్షణకు పోవును. ఆ సొమ్ముతో ఇప్పటివరకు అరువదిలక్షల యెకరములకు మించిన నేల పక్షులకు దక్కినది. వేటాడనివారు సైతము ఆ బొమ్మ అందమునకును, ఆ పని మంచితనమునకును దానిని కొనుచున్నారు. బొమ్మ బొటనవ్రేలంత, దాని ఫలము అరువదిలక్షల యెకరములు.

రెండవది మా మనుమరాలి దేశమునుండి. 1859లో వేటసరదాకై అచ్చట విడిచిన కుందేళ్లు దేశమంతట వ్యాపించి, పచ్చిక తినివేసి, బొరియలాక్రమించి బిల్బీలవంటి ప్రాణులకు తావు లేకుండ చేసినవి. అయినను ఈస్టరు పండుగకు పిల్లలు ముచ్చటపడునది కుందేటి బొమ్మనే. 1991లో కొందరు పూనుకొని, పండుగ మిఠాయిని కుందేటి రూపమునకు బదులు బిల్బీ రూపమున చేయుడని ప్రచారము చేసిరి. చాకొలెట్టు బిల్బీలు వచ్చినవి. వానిలో కొన్నింటి ఆదాయమునుండి కొంత ఆ ప్రాణి రక్షణకు పోయినది. అంతకుమించి, పేరెరుగని ప్రాణికి పిల్లల నోట పేరు దక్కినది.

అయితే జంతువు బొమ్మ వేసిన ప్రతి పెట్టెయు జంతువును రక్షించునని నేననను. అట్టి పెట్టె కొనునపుడు మూడు ప్రశ్నలు వేయుడు. ఎంత సొమ్ము పోవును? ఎవరికి పోవును? దేనికి ఖర్చగును? ఈ మూడింటికి సమాధానము దొరకనిచో అది ఉత్త బొమ్మయే. బొమ్మగా అదియు మంచిదే, కాని పుణ్యము పేర అధిక వెల యీయనక్కరలేదు.

ఇక మన కొండకు వచ్చెదము.

మన లంకమల కొండల పాదమున, ముండ్లపొదల నడుమ తిరుగు ఒక పక్షి ప్రపంచమందలి శాస్త్రజ్ఞులందరిచేత వెదకబడినదని మీలో ఎందరికి తెలియును? దాని పేరు కలివికోడి. కలివి పొదల నడుమ తిరుగునది గనుక ఆ పేరు. శాస్త్రగ్రంథములలో దీనిని జెర్డన్ పేర పిలుతురు. థామస్ జెర్డన్ మద్రాసు సైన్యమున వైద్యుడు. కొంతకాలము మన నెల్లూరులో డాక్టరుగా పనిచేసెను. యానాదులను చేరబిలిచి, అడవి ప్రాణులనుగూర్చి వారికి తెలిసినది అడిగి తెలిసికొన్న మనిషి. 1843 మొదలు 1847 వరకు మద్రాసునుండి భారతదేశపు పక్షుల చిత్రములు ఏబదింటితో ఆయన ఒక గ్రంథము వెలువరించెను. అందలి బొమ్మలలో పెక్కింటిని గీసినవారు మన దేశపు చిత్రకారులే. కాబట్టి మన పక్షులను మన చేతితో చిత్రించు పని నేడు క్రొత్తగా మొదలుపెట్టవలసినది కాదు. విడిచిన పనిని మరల అందుకొనుటయే.

జెర్డన్ సేకరించిన ఈ పక్షిని 1848లో బ్లైత్ అను శాస్త్రజ్ఞుడు వర్ణించి నామకరణము చేసెను. ఇంచుమించు జానెడు పక్షి. పొడుగు కాళ్లు. కంటిపై వెడల్పైన తెల్లని కనుబొమ. ఱొమ్మున హారములవలె రెండు పట్టెలు. పగలు పొదక్రింద అణగియుండి, రాత్రి పురుగులకై నేలపై పరుగిడును. తరువాత గోదావరి లోయలో సిరోంచ, భద్రాచలము వైపున దానిని చూచినట్లు బ్లాన్‌ఫర్డ్ వ్రాసెను. 1900లో అనంతపురము దగ్గర క్యాంబెల్ చూచెను. అంతటితో సరి. ఎనుబదియైదేండ్లు అది ఎవ్వరి వ్రాతలోను కానరాలేదు. అంతరించినదనియే లోకము తలచెను.

1985లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు దాని వెదకులాట ఆరంభించిరి. ఆ పనిమీద వచ్చిన భరత్ భూషణ్‌గారు గ్రంథములను మాత్రమే నమ్ముకొనలేదు. పక్షి బొమ్మ చూపి, పల్లెలవారిని, పిట్టలు పట్టువారిని విచారించెను. 1986 జనవరిలో, రెడ్డిపల్లె దగ్గర, ఐతన్న అను పిట్టలవేటకాడు రాత్రివేళ దీపపు వెలుతురులో ఆ పక్షిని పట్టి తెచ్చెను. పట్టువడిన పక్షి బ్రతుకలేదు, అది విచారకరము. కాని ఆ జాతి బ్రతికియున్నదని లోకమునకు తెలిసినది. ఎనుబదియైదేండ్ల మౌనమును ఛేదించినది ఒక బొమ్మయు, ఆ బొమ్మను గుర్తింపగల ఒక పల్లెవాని కన్నును. పిదప ఆ పక్షి కొరకే లంకమల ప్రాంతము అభయారణ్యమైనది. 1988లో తపాలాశాఖవారు దాని చిత్రముతో బిళ్ల వెలువరించిరి. 2005లో తెలుగుగంగ కాలువ త్రవ్వకము ఆ పొదలలోనికి వచ్చినపుడు, పక్షికొరకు కాలువ దారియే మార్చిరి. ఒక్క పిట్టకై కాలువను ప్రక్కకు త్రిప్పిన దేశము మనది. ఇది మనము గర్వింపదగిన విషయము.

మనుమరాలి ప్రశ్నకు సమాధానముగా నేను చేసినది ఇప్పుడు చెప్పెదను. మన బడి డ్రాయింగు మాస్టరుగారిని బ్రతిమాలి ఒక చిత్రము వేయించితిని. నడుమ కలివికోడి. ఒక మూల నక్షత్ర తాబేలు. కొమ్మపై పెద్ద కన్నుల దేవాంగపిల్లి. రాతి సందున పొలుసుల అలుగు. వెనుక కలివి, రేగు, బలుసు పొదలు. దూరమున కొండవాలుపై ఎఱ్ఱచందనపు చెట్లు. ఆ చిత్రమును దళసరి అట్టపై అంటించి, నలుబదియెనిమిది ముక్కలుగా కోసి, ఒక శనివారము సాయంకాలము మన చదువుల గదిలో బల్లపై పోసితిమి.

పిల్లలు మూగిరి. పావుగంటలో పక్షి కన్ను కుదిరినది, ఱొమ్ము పట్టెలు కుదిరినవి. తాబేటి నక్షత్రములు ఒకదానికొకటి అతుకుకొన్నవి. దేవాంగపిల్లి కన్నులకై ఇద్దరు పిల్లలు పోట్లాడుకొనిరి. తరువాత ఆట నిలిచిపోయినది. బల్లపై ఇంకను పందొమ్మిది ముక్కలు మిగిలియున్నవి. వానిని ఎవ్వరును ముట్టుట లేదు. ఏమని అడిగితిని. "ఇంక ఏమీ లేదు మాస్టారూ, అంతా వట్టి నేలే" అనిరి.

ఆ మరునాడు, మేకలు కాచుకొను పెద్దాయన, ఎప్పటివలెనే పత్రిక చదివించుకొని వినుటకు వచ్చి, బల్లవద్ద నిలిచి బొమ్మను చూచినాడు. ఆయనకు అక్షరములు రావు. చాలసేపు చూచి నాతో అన్న మాట యిది. "సామీ, నేలమింద ఉరికే పిట్టకు ఇంత దట్టంగా పొదలేసినారే, అది యాడ ఉరుకుతాది? పొదకూ పొదకూ నడుమ బయలుండల్ల. అట్లని అంతా బయలైనా నిలవదు, దాక్కోను నీడుండల్ల."

నాకు ఆశ్చర్యము కలిగినది. ఏలయన, కలివికోడిని పరిశోధించిన శాస్త్రజ్ఞుల లెక్కయు అదియే. వారు పొదల నడుమ అక్కడక్కడ సన్నని మన్ను పరచి, తెల్లవారి దానిపై పడిన అడుగుజాడలు చదివి, ఆ పక్షి ఎచ్చట తిరుగునో కనుగొనిరి. మనము పుటలో అక్షరములు చదివినట్లు వారు మన్నులో అడుగులు చదివిరి. హెక్టారుకు, అనగా రెండున్నర యెకరములకు, పెద్ద పొదలు మూడువందలనుండి ఏడువందల వరకు, చిన్న పొదలు వేయికి తక్కువగా ఉన్నచోటనే అది ఎక్కువగా తిరుగునని వారు తేల్చిరి. పొదలు నరికివేసినను దానికి చోటు లేదు, చిక్కగా అల్లుకొనిపోయినను చోటు లేదు. మేకయు, గొడ్డలియు మితముగా ఉన్నంతవరకు ఆ పక్షికి పగవి కావు. మితము తప్పుటయే పగ. డ్రాయింగు మాస్టరుగారు ఆ పెద్దాయనను ప్రక్కన కూర్చుండబెట్టుకొని బొమ్మను మరల వేసిరి. ఈసారి పొదలు తగ్గినవి, వట్టి నేల పెరిగినది.

రెండవమారు ఆ బొమ్మ కూర్చుచు నేను పిల్లలకు ఒక నియమము పెట్టితిని. ఈసారి నేల ముక్కలు ముందు, పక్షి ముక్కలు వెనుక. అప్పుడు తెలిసినది, కష్టమైన పని యేదో. పక్షి కన్ను ఎవ్వడైనను గుర్తుపట్టును. నేలను గుర్తుపట్టుటకు నేలను చూడవలెను. ఈ ముక్కలో ఎఱ్ఱమన్ను, ఆ ముక్కలో గులకరాయి, ఇందు ఎండుగడ్డి, అందు పొదనీడ. అంతవరకు ఒక్కటిగా తోచిన "వట్టి నేల" పందొమ్మిది విధములుగా కనబడినది. మీ మనస్సులో ఉంచుకొనుడని ఇందాక నేను చెప్పిన మాట యిదియే. ముక్కల బొమ్మలో పక్షికొక సరిహద్దు, నేలకొక సరిహద్దు లేదు. నేల ముక్క అమర్చనిదే పక్షికాలు పూర్తికాదు. పక్షి కన్నున్న ముక్కకును, ఎఱ్ఱమన్నున్న ముక్కకును కొలత ఒక్కటే, విలువ ఒక్కటే.

సోదరులారా! "వట్టి నేల" అను మాట ఆ పిల్లలకు నేర్పినదెవరు? ఆ నేరము నాది. ఇది నేను సభలో చెప్పదలచి వచ్చినదే, దాచుకొని పోదలచినది కాదు. పదునారేండ్ల క్రిందట కొండపాదమున నా పేర నాలుగెకరముల బీడు ఉండెను. కలివి, రేగు, బలుసు పొదలు. తెల్లవారుజామున కౌజులు కూసెడివి. తొలకరి వానకు నక్షత్ర తాబేళ్లు దారికడ్డముగా నడచెడివి. అది వట్టి నేల, దండుగ నేల అని నేను ఇంటనంటిని, బడిలోనంటిని. యంత్రము పిలిపించి రెండు దినములలో నున్నగా చేయించితిని. నిమ్మతోట వేసితిని. మూడవ వేసవికి బోరు ఎండినది. నిమ్మ పోయినది, పొదయు పోయినది. అప్పు మాత్రము మిగిలినది. అచ్చట కలివికోడి తిరిగినదో లేదో నేనెన్నడును చూడ ప్రయత్నింపలేదు. అదియే నన్ను బాధించుచున్నది. నేను పారవేసినది ఏ ముక్కయో చూడకయే పారవేసితిని.

బ్రతుకుతెరువునకై తోట వేసికొను రైతును నేను నిందింపను. నిమ్మ మన ప్రాంతమున ఎన్నియో కుటుంబములను నిలిపినది. కాని నీరు లేని చోట, గిట్టుబాటు కాని చోట, బీడును చదును చేయుటయే గొప్పతనమను భ్రమ విడువుడని మాత్రము వేడుచున్నాను. నా నాలుగెకరములలో రెండెకరములను మూడేండ్లనుండి ముట్టక విడిచితిని. రేగు మొలచినది. కలివి ఇంకను రాలేదు. యంత్రమునకు రెండు దినములు చాలినవి. పొదకు ఎన్నేండ్లు పట్టునో కొండయే చెప్పవలెను.

ఇక నా మనవి. మన గ్రంథాలయము ఈ రజతోత్సవ జ్ఞాపకముగా ఆ చిత్రమును ముక్కల బొమ్మగా అచ్చువేయించి అమ్మవలెనని కార్యవర్గమును కోరుచున్నాను. మూతపై ముందు నేను చెప్పిన మూడు ప్రశ్నలకు మూడు సమాధానములు పెద్ద అక్షరములతో ఉండవలెను. ఖర్చులు పోగా మిగిలిన ప్రతి పైసా లెక్క మన పత్రికల బల్లవద్ద గోడపై వ్రాయవలెను. ఆ సొమ్ము మూడు పనులకు చాలును. అటవీశాఖవారి అనుమతితో పగటిపూట బడిపిల్లలను కొండపాదమునకు తీసికొనిపోయి చూపుట ఒకటి. వేసవిలో పొదలకు నిప్పంటకుండ కావలియుండు యువకులకు కూలి యిచ్చుట రెండు. బీడును బీడుగానే ఉంచుటకు ఒప్పుకొన్న రైతునకు కొంత తోడ్పడుట మూడు. మూడవదానికి నేను సాయము కోరను. నా రెండెకరములు అట్లే విడిచియుంచెదనని ఈ సభలో మాట యిచ్చుచున్నాను.

రెండు జాగ్రత్తలు కూడ చెప్పవలెను. బొమ్మలో కొండ పేరు ఉన్న చాలును, పక్షి తిరుగు చోటు గుర్తు వలదు. దీపములు పట్టుకొని రాత్రులు పొదలలో తిరుగువారివలన పక్షికి మేలు జరుగదు. రెండవది, బొమ్మలోని తాబేలు ముద్దుగా నున్నదని అడవిలోని తాబేటిని ఇంటికి తేరాదు. 1972 నాటి వన్యప్రాణి చట్టము దానిని నిషేధించినది. 2019లో దేశదేశములు కూడి నక్షత్ర తాబేటి వ్యాపారమును పూర్తిగా నిలిపివేయ నిశ్చయించినవి. అంతగా అది దొంగరవాణాకు లోనగుచున్నది. బొమ్మ ఇంటిలో ఉండవలెను, తాబేలు అడవిలో ఉండవలెను.

ఒక అట్టబొమ్మ పక్షిజాతిని నిలుపునా అని మీరడుగవచ్చును. బొమ్మ ఒక్కటియే నిలుపజాలదు. ఈ శతాబ్దపు తొలి దశాబ్దము గడచిన పిదప ఏండ్ల తరబడి కలివికోడి వెదకినవారికి సైతము కానరాలేదు. దానిని నిలుపవలసినది నేల, పొద, చట్టము, మన నడవడి. కాని ఒక్క సంగతి మరువకుడు. 1986లో అది కనబడినపుడు పట్టి చూపినవాడు దూరదేశపు పండితుడు కాడు, ఈ పొదలలో పెరిగినవాడు. మరల కనబడు నాడును దానిని ముందుగా గుర్తింపవలసినవారు ఈ గదిలో కూర్చున్న పిల్లలే. గుర్తించుటకు పేరు తెలియవలెను, రూపు తెలియవలెను, అది నిలుచు నేల తెలియవలెను. ఆ మూడును ఈ నలుబదియెనిమిది ముక్కలలో ఉన్నవి.

చివరగా ఒక్క మాట చెప్పి విరమించెదను. మొదటి బొమ్మను పుస్తకమువలెనే ఇంటికి ఇచ్చుచున్నాము. నలుబదియెనిమిది ముక్కలు లెక్కపెట్టి తీసికొనిపోవలెను, లెక్కపెట్టి తిరిగి యీయవలెను. మొన్న ఒక అయిదవ తరగతి పిల్ల నలుబదియేడు తెచ్చినది. పోయినది నేల ముక్క. "పోతే పోయింది లేమ్మా, నేల ముక్కే గదా" అని, పరీక్షింపదలచి, నేనే అంటిని. ఆ పిల్ల ఒప్పుకొనలేదు. ఇంటికి పోయి, బియ్యపు చాటలు తిరగవేసి, మంచము క్రింద ఊడ్చి, దీపాలవేళకు ఆ ముక్క పట్టుకొని పరుగున వచ్చినది. "ఇది లేకపోతే కలివికోడికి కాలు పెట్టను తావుండదు మాస్టారూ" అన్నది.

నేను ముప్పదియేండ్లలో చెప్పలేని పాఠమును ఆ పిల్ల నాకు చెప్పినది. అచ్చయిన మొదటి పెట్టెను సముద్రము దాటించి నా మనుమరాలికి పంపెదను. ఆమె ప్రశ్నకు అప్పటికి సమాధానము పూర్తియగును.